సాగదీసిన గీత

"అమ్మాయ్, అది తలుపు కాదు. అలా బాదకు."

కొత్తకోడలు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఓడల మ్యూజియంలో పాత రేడియో గది అది. బల్ల మీద ఇత్తడి మీట. నొక్కితే పక్కనున్న పెట్టె కుయ్ మంటుంది. పైన 'ముట్టుకోవచ్చు' అని బోర్డు. అంత మంచి బోర్డు చూశాక ఆగడం ఆమె వల్ల కాలేదు.

బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చింది. నీలం స్వెటర్, మందపాటి కళ్ళజోడు. సంచీలోంచి మెత్తటి గుడ్డ తీసి మీటని శ్రద్ధగా తుడిచింది.

"క్లీనింగ్ ఆవిడ," భర్త చెవిలో గొణిగాడు. "నీ వేలిముద్రలు చూసి కోపం వచ్చినట్టుంది."

ఆమె కిసుక్కున నవ్వింది. పెళ్ళయి ఇరవై రెండు రోజులు. అతను చెవిలో ఏం గొణిగినా నవ్వే వస్తోంది.

ఇవాళ అందరూ ఇక్కడికి వచ్చింది మావయ్య కోసం.

ఆయన వయసులో ఉండగా ఓడలో రేడియో ఆపరేటర్. ఓ తుఫాను రోజు ఇంజను ఆగిపోయింది. ఒడ్డునున్న రేడియో కేంద్రం నుంచి ఎవరో పదకొండు గంటలపాటు మోర్స్ కోడ్ చుక్కలతో, గీతలతో ఆయనకి ధైర్యం చెబుతూనే ఉన్నారు, సాయం చేరేదాకా. ఆ మనిషి పేరు మావయ్యకి తెలీదు. 'అన్నయ్య' అంటారు, అంతే.

'ఆ రోజు డ్యూటీలో ఉన్న అన్నయ్యగారికి' అని నాలుగు ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. ఆ కేంద్రం మూతపడి రిజిస్టర్లన్నీ ఈ మ్యూజియంలో పెట్టారని మొన్న పేపర్లో చదివి, పొద్దున్నే ఇంటిల్లిపాదినీ లేపేశారు. ఇప్పుడు అత్తయ్యని వెంటబెట్టుకుని మేడ మీద ఆ రిజిస్టర్లు తిరగేస్తున్నారు.

"భుజంతో కాదు, మణికట్టుతో నొక్కాలి," అంది పెద్దావిడ. "ఏం చెప్పాలనుంది?"

"మా ఆయన పేరు!"

"ఎదురుగానే ఉన్నాడుగా. పిలిస్తే పలకడా?"

"చేతిలో ఫోనుంటే పలకరండీ."

పెద్దావిడ పకపకా నవ్వింది. భర్త ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఒక్కో అక్షరం నేర్పింది. తప్పు కొట్టినప్పుడల్లా వేలితో చేతిమీద చిన్నగా తట్టింది.

"ఇప్పుడు సెలవు తీసుకోవాలి. మూడు చుక్కలు, గీత, చుక్క, గీత. ఆ చివరి గీత కాస్త సాగదియ్యి."

"అలా రూలా అండీ?"

"రూలేం కాదు, నా పద్ధతి. మొహం మీద తలుపేసినట్టు ఆగిపోకూడదు. అవతల మనిషి ఉన్నాడు కదా."

ఆమెకి ఆ మాట ఎంత నచ్చిందో! మళ్ళీ మళ్ళీ కొట్టింది. పెద్దావిడ కళ్ళు మూసుకుని వింది.

"చెయ్యి బావుంది తల్లీ. మీ ఇంట్లో ఎవరైనా ఈ పని..."

"అమ్మగారూ," భర్త అడ్డొచ్చాడు. "మీ డ్యూటీ మీకు ఉంటుంది, మా ఐస్‌క్రీం మాకు ఉంది. ఇదిగో, టీ తాగండి." నోటు చాపాడు.

ఆవిడ నోటు వంక చూసింది, అతని వంక చూసింది.

"ఉంచు బాబూ. ఆ అమ్మాయికి ఐస్‌క్రీం రెండోది కొనిపెట్టు," అంది. గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుని బస్టాపు వైపు వెళ్ళిపోయింది.

కాసేపటికి మావయ్య మెట్లు దిగివచ్చారు. మొహంలో కళ లేదు.

"పేర్లే లేవమ్మా. అన్నీ నంబర్లు."

"పోనీలెండి," అంది అత్తయ్య. "ఆయన ఎక్కడున్నా చల్లగా ఉంటాడు."

మావయ్య అలా ఉంటే కోడలికి ఏం తోచలేదు. "మావయ్యా, మీ భాష నాకు వచ్చేసింది. వినండి!" అంటూ మీట ముందు కూర్చుంది.

భర్త పేరు తప్పుల తడకగా వచ్చింది. మావయ్య నవ్వారు.

మూడు చుక్కలు. గీత. చుక్క. గీత.

మావయ్య నవ్వు ఆగిపోయింది.

"ఇంకోసారి."

కొట్టింది.

"ఆ గీత... అలా లాగమని నీకెవరు చెప్పారు?"

"ఇక్కడో పెద్దావిడ. ఏం మావయ్యా, తప్పా?"

ఆయన కుర్చీ పట్టుకున్నారు. "చేతిరాత లాంటిదమ్మా ఇది. పక్కనుండి నేర్పితే తప్ప ఒకరిది ఇంకొకరికి రాదు. ఆ పదకొండు గంటలూ నేను విన్న గీత ఇదే."

"ఆవిడా?" అత్తయ్య నోరు తెరిచింది. "అక్కయ్యకి రాయాల్సిన ఉత్తరం అన్నయ్యకని రాస్తే జవాబెలా వస్తుందండీ!"

భర్త అప్పటికే బయటికి పరుగెత్తాడు. రొప్పుతూ తిరిగొచ్చాడు.

"బస్సు వెళ్ళిపోయింది నాన్నా. నేనే... నేనే పంపించేశాను."

గది కాపలాదారు దగ్గరికొచ్చాడు. "నీలం స్వెటర్ ఆవిడేనా? కంగారెందుకండీ, వచ్చే ఆదివారం పదింటికల్లా ఇదే బెంచీ మీద ఉంటారు."

"ఇక్కడ పని చేస్తారా?" అడిగాడు భర్త, తల దించుకునే.

"పనేంటి సార్? ఎప్పుడో తుఫానులో తనతో మాట్లాడిన తమ్ముడొకడు ఈ మీట చూడ్డానికైనా రాకపోతాడా అని, ఎనిమిదేళ్ళుగా ఆదివారం ఆదివారం టికెట్ కొనుక్కుని వస్తున్నారు."