ఆవేశపు ఓటు చెల్లదు

అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని సభ్యులే ఇంట్లోంచి ఎన్నుకునే రోజది. ఆవేశంలో వేసిన ఓటు చెల్లదని పార్టీ పెద్దలు ఈసారి కొత్త నిబంధన పెట్టి, అందరి చేతులకూ నాడి చూస్తూ, చెప్పిన పేరుకు ఓటు నమోదు చేసే పట్టీలు తొడిగారు.

దోశ తిరగేస్తూ యాకలక్ష్మి, జనమంతా కోరుకుంటున్న లారీ డ్రైవర్ సారయ్య పేరు నెమ్మదిగా చెప్పింది.

"మీరు ఆవేశంలో ఉన్నారు. మళ్ళీ చెప్పండి," అంది పట్టీ.

మూడోసారి చెప్పినా పట్టీది అదే మాట.

"నేను సల్లగనే ఉన్న. నాకు దీని మీదనే అనుమానం," అంది భర్తతో.

"పెద్దలు నిలబెట్టిన భూపతిరావు పేరు జెప్పి సూడు, ఏమంటదో," అన్నాడు కొమురయ్య.

యాకలక్ష్మి ఒళ్ళు మండి గరిటె విసిరికొట్టింది. "భూపతిరావు! సాలా?" అని గొంతు చించుకుని అరిచింది.

"ప్రశాంతంగా ఉన్నారు. మీ ఓటు నమోదైంది."