హైరోడ్డు మీద దుమ్ము

“తప్పు ఒప్పేసుకుంటానండీ,” అన్నాడు కోదండరాం.

వకీలు భక్తవత్సలం తల పట్టుకున్నాడు. ఎగ్మూరు కోర్టు వరండాలోకి వచ్చినప్పటి నుంచీ ఇతనిది ఇదే పాట.

“నా మాట వినవయ్యా. కానిస్టేబులు రాసుకున్నది కారు నంబరొక్కటే. లోపల మనిషిని చూళ్ళేదు. నడిపింది నేను కాదను, చాలు. కేసు ఈడనే కొట్టేస్తారు.”

“అది మాత్రం వద్దండీ. నడిపింది నేనే.”

చూలైలో కోదండరాంది కందిపప్పు టోకు వ్యాపారం. రోడ్డు దాటాలంటే అటూ ఇటూ చూసి, మళ్ళీ చూసి, ఇంకెవరైనా దాటుతుంటే వాళ్ళ వెనక దాటే రకం. బజారులో చాటుగా ‘నత్తయ్య’ అంటారు. అలాంటివాడి కారు పూనమల్లి హైరోడ్డు మీద నలభై అయిదు మైళ్ళ వేగంతో పోయిందంటే మొదట ఎవరూ నమ్మలేదు. సమన్లు వచ్చాక నమ్మక తప్పలేదు.

వచ్చే వారమే వర్తక సంఘం ఎన్నికలు. కార్యదర్శి పదవికి కోదండరాం నిలబడ్డాడు. ఎదుటి మనిషి నాగలింగం అప్పుడే అంగడంగడికీ తిరుగుతున్నాడు. “కారునే పట్టుకోలేనోడు సంఘాన్ని ఏం పట్టుకుంటాడు?”

కోదండరాం పక్కన బెంచీ మీద తల్లి సీతాలక్ష్మమ్మ కూర్చుంది. అరవై దాటిన మనిషి. కోర్టుకు రావద్దని కొడుకు ఎంత చెప్పినా వినలేదు. “నువ్వొక్కడివే ఆడికి ఎట్ల పోతావురా?” అని బయల్దేరింది.

లోపలి నుంచి పిలుపు వచ్చింది.

మేజిస్ట్రేటు నెల్లూరాయన. కోదండరాం నోరు విప్పగానే తెలుగులోకి దిగాడు. ముందు కానిస్టేబులు కన్నియప్పన్ సాక్ష్యం. ఆపమని చెయ్యి చూపించాడట. కారు ఆగలేదు. పక్క కాలవలోకి దూకి ప్రాణం దక్కించుకున్నాడు. లేచి చూస్తే దుమ్ము, దుమ్ములో వెనక నంబరు, అంతే.

“దెబ్బలేం తగల్లేదు కదా నాయనా?” అంది సీతాలక్ష్మమ్మ వెనక నుంచి.

బంట్రోతు ఆవిడకేసి గుర్రుగా చూశాడు.

మేజిస్ట్రేటు కోదండరాం లైసెన్సు తిరగేశాడు. కాగితం మడత నలగలేదు. “పదేళ్ళ నాటి లైసెన్సు. ఒక్క మచ్చ లేదు. ఆవాళ ఏం పుట్టిందయ్యా నీకు?”

కోదండరాం వకీలు వైపు చూశాడు. వకీలు సీలింగు వైపు చూస్తున్నాడు.

జవాబు మళ్ళీ వెనక బెంచీ నుంచే వచ్చింది. “ఆ నాగలింగం కారు మమ్మల్ని దాటి పోయింది సామీ. పోతే పోనీ. హారన్ కొట్టి మరీ నవ్వినాడు.”

కోర్టంతా గొల్లుమంది. మేజిస్ట్రేటు నవ్వలేదు.

“ఈవిడ కూడా కారులో ఉన్నారా?”

“ఉన్నారండీ. మా అమ్మ.”

“పెద్దావిడను పక్కన పెట్టుకుని పందేలా? జరగరానిది జరిగితే? నీకు జుల్మానా చాలదు. లైసెన్సు రద్దు చేస్తే గానీ బుద్ధి రాదు.”

సీతాలక్ష్మమ్మ లేచి నిలబడింది.

“వాడినేం అనొద్దు సామీ. వాడు బంగారం. తప్పంతా నాది.”

“అమ్మా, కూర్చో మా,” అన్నాడు కోదండరాం గబగబా.

మేజిస్ట్రేటు మొహం మెత్తబడింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “చూశావా? కొడుకు చేసిన తప్పును తన నెత్తిన వేసుకుంటోంది. ఈ తల్లి మొహం చూసి వదులుతున్నాను. ముప్పై రూపాయలు కట్టి పో. ఈసారి బండి ఎక్కేముందు ఈవిడను తలుచుకో.”

“రోజూ తలుచుకుంటానండీ,” అన్నాడు కోదండరాం.

జుల్మానా కట్టి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర చూలై ధాన్యం వర్తకులు నలుగురు నిలబడి ఉన్నారు. ఎన్నిక పోయినట్టే అనుకున్నాడు కోదండరాం.

వాళ్ళలో పెద్దవాడు వరదరాజులు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. “నాగలింగాన్ని దాటేసినావంట కదా. వాడి హారన్‌తో మేమూ విసిగిపోయినాం. మా ఓట్లు నీకే పో.”

కోదండరాం దణ్ణం పెట్టాడు. పక్కన తల్లి మొహం వెలిగిపోయింది. వర్తకులు వెళ్ళేదాకా ఆగి, కోదండరాం కారు దగ్గరికి నడిచి, తల్లి కోసం తలుపు తీసి పట్టుకున్నాడు.

సీతాలక్ష్మమ్మ చీర కొంగు నడుముకు బిగించి, స్టీరింగు ముందు కూర్చుని, కొడుకు అటువైపు చుట్టి వచ్చి పక్క సీటు ఎక్కేదాకా ఇంజను రయ్యిమనిపిస్తూ కాచుకుంది.