పూయని గంటపూలు

"చూడండి, ఈ ఏడు కూడా ఆకులే," అంటూ ప్రూఫురీడరు తడి కాగితంలో చుట్టి తెచ్చిన మొక్కను విత్తనాల దుకాణం బల్ల మీద పెట్టాడు.

దుకాణం నడిపే ఆమె మొక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. గుండ్రంగా పరుచుకున్న పచ్చటి ఆకులు, తెల్లటి వేళ్లు. నలతన్నది లేని మొక్క. ఏడాదికొకటి చొప్పున ఇది మూడో ఫిర్యాదు. ఈ ఫిర్యాదు కోసం తను నెల ముందునుంచే వీధి వంక చూస్తూ కూర్చుంటానని ఆమె ఎవరితో చెప్పుకుంటుంది?

గంటపూలు విత్తిన ఏడు పూయవు. ఆ ఏడంతా ఆకులే. చలికాలం దాటాక, రెండో ఏడు పూసి, గింజలిచ్చి ఎండిపోతాయి. పొట్లం వెనక ఆ సంగతి అచ్చువేసే ఉంది. మొదటిసారి ఆమె దుకాణం గుర్తున్న చీటీని చూసుకోకుండా సరిగ్గా ఆ వాక్యం మీదే అంటించింది. అది పొరపాటు. తర్వాత రెండుసార్లూ మాత్రం చూసుకునే అంటించింది. నిజం చెబితే ఆయన మొక్కను పీకడు. పీకకపోతే అది పూస్తుంది. పూస్తే ఇక ఈ గడప ఎందుకు తొక్కుతాడు? ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూసే రకాలు అరనిండా ఉన్నా, వాటి ఊసే ఆమె ఎత్తలేదు.

ఆయన రాక ఆమెకు అంత ముఖ్యం మరి. మొదటిసారి అడుగు పెడుతూనే, బోర్డు మీద 'విత్తనాలు'లో ఒత్తు ఊడిపోయిందని చెప్పి, నిచ్చెన అడిగి మరీ ఎక్కి దిద్దాడు. అప్పట్నుంచీ వచ్చినప్పుడల్లా కళ్లజోడు పెట్టె చేతుల్లో తిప్పుతూ స్టూలు మీద అరగంట కూర్చుంటాడు. నలుసంత గింజల మీద మట్టి కప్పాలా వద్దా, నీళ్లు పోయాలా చిలకరించాలా అని అడిగిందే అడుగుతాడు. ఇంట్లో తన కోసం ఎదురుచూసే మనిషి లేదని ఒకసారి మాటల్లో అన్నాడు. తనకూ ఎవరూ లేరని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ అరగంటతోనే ఏడాదంతా నెట్టుకొచ్చేది.

అలవాటుగా కొత్త పొట్లం తీసింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దండి. ఇక మానేస్తున్నాను. కుండీలు కూడా పక్కింటివాళ్లకు ఇచ్చేస్తాను."

ఆమె పొట్లాన్ని బల్ల మీద పెట్టేసింది. చెబితే మోసగత్తె అవుతుంది. చెప్పకపోతే ఈయన ఇటునుంచి ఇటే వెళ్లిపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్లాడు. ఆ వీపు చూశాక ఆమె ఆగలేకపోయింది.

"ఒక్కసారి పెరట్లోకి రండి," అంది.

పెరట్లో నీళ్ల తొట్టి వెనక, ఎవరి కంటా పడకుండా రెండు కుండీలున్నాయి. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో మొక్క నడుమెత్తు పెరిగి, ఒళ్లంతా ఊదారంగు గంటలు వేలాడేసుకుని ఉంది.

"నిరుడు మీరు పీకి తెచ్చిందే ఇది. ఖాళీ కుండీలోది అంతకుముందు ఏడు తెచ్చింది, పూసి ఎండిపోయింది. ఇవి రెండో ఏడే పూస్తాయి. ఆ మాట పొట్లం మీద ఉంది. మీకు కనపడకూడదనే దాని మీద చీటీ అంటించాను." ఆమె ఖాళీ కుండీని పక్కకు జరిపింది. "పూలు పూస్తే మీరు మళ్లీ రారని."

ఆయన వంగి ఒక పువ్వును వేలితో తాకి చూశాడు. తిడతాడనుకుంది. కనీసం మొహం చిట్లిస్తాడనుకుంది. ఆయన చొక్కా జేబులోంచి కళ్లజోడు పెట్టె తీశాడు.

"అచ్చయిన అక్షరం ఉందంటే చదవకుండా ఉండలేనండి, దాని మీద ఏం అంటించినా సరే. మానేస్తానంటేనైనా ఆ మాట మీ నోట వస్తుందేమోనని చూశాను," అంటూ మూత తెరిచి ఆమె ముందు పెట్టాడు.

మూత లోపల, అంచు కూడా చిరగకుండా ఊడదీసిన ఆమె దుకాణం చీటీలు మూడు, వరసగా అంటించి ఉన్నాయి.