పాతికేళ్ల గ్యాప్

బల్ల మీద సర్క్యూట్ బోర్డు చచ్చి పడి ఉంది. కరెంటు ఇస్తే దీపం వెలగాలి, వెలగడం లేదు. ఎందుకు వెలగడం లేదో కనిపెట్టాలి. అదీ పరీక్ష.

ఆమె కరెంటు కొలిచే మీటరు అందుకుంది. ఆ చేతులు మీటరు పట్టుకుని పాతికేళ్లయింది. ఇన్నాళ్లూ అవి పట్టుకున్నవి పాలసీసాలు, స్కూలు సంచులు, జ్వరం చూసే థర్మామీటర్లు.

ఒకప్పుడు ఆమె సామాన్యురాలు కాదు. సగం కాలిపోయిన బోర్డు తెచ్చి ముందు పడేసినా ప్రాణం పోసేది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. "కొన్నాళ్లు ఆగి వెళ్దువుగానిలే" అన్నాడు భర్త. ఆ కొన్నాళ్లు ఎంతకీ తెమలలేదు. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి గొడవలో వాళ్లు పడ్డాక, పగలంతా ఇల్లు బోసిగా ఉండేది. గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కినట్టయ్యేది.

అందుకే గుట్టుచప్పుడు కాకుండా మళ్లీ పుస్తకాలు ముందేసుకుంది. ఇంట్లో చెబితే నవ్వుతారు. ఉద్యోగం చేతిలో పెట్టుకుని చెబితే నోళ్లు మూతపడతాయి. అదీ ఆమె పంతం. ఊళ్లో ఇన్ని కంపెనీలుండగా ఈ ఒక్కదానికే అప్లికేషన్ పెట్టింది. వస్తే ఇక్కడే రావాలని చచ్చేంత ముచ్చట. ఈ పొద్దున కూడా బ్యాంకులో పనుందని చెప్పి బయల్దేరింది.

బల్ల అవతల బట్టతల మేనేజరు, పక్కన హెచ్ఆర్ అమ్మాయి. మూడో కుర్చీ ఖాళీ. ఆమె బోర్డు తిరగేసి చూస్తుండగా తలుపు తోసుకుని గడ్డం కుర్రాడొకడు వచ్చాడు.

"సారీ సార్, మీటింగ్ లేటయింది."

"రావోయ్. ఇతను మా టెస్టింగ్ టీమ్ లీడ్ అండీ. చిన్నవాడే గానీ మహా చురుకు. మిమ్మల్ని తీసుకుంటే ఇతని కిందే పని."

కుర్రాడు ఆమెను చూసి ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగాడు. తర్వాత కూర్చుని లాప్‌టాప్ తెరిచి అందులో తల దూర్చాడు. ఇక ఎత్తితే ఒట్టు.

ఆమెకు చదివినదంతా ఒక్కసారిగా ఎగిరిపోయింది. పరువు దక్కించుకోవాలంటే ఇప్పుడే అనుకుని, గుండె చిక్కబట్టుకుని మళ్లీ బోర్డు మీదికి వంగింది. కాసేపటికి ఒకచోట వేలు పెట్టింది.

"ఈ కెపాసిటర్ తిరగేసి అతికించారండీ. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ ఉంది. కరెంటంతా ఇదే మింగేస్తోంది."

"భలే పట్టేశారే!" మేనేజరు మొహం విప్పారింది. "ఇంత పని తెలిసినవారు ఎందుకు మానేశారండీ?"

"పిల్లలండీ. పెద్దవాడప్పుడు ఎలాగో నెట్టుకొచ్చాను. చిన్నవాడికి ఉబ్బసం. రాత్రుళ్లు భుజాన వేసుకుని తిరిగితే తప్ప ఊపిరాడేది కాదు. ఇంక ఆఫీసెక్కడ!"

"అయ్యో. ఇప్పుడెలా ఉన్నాడు?"

"నిక్షేపంలా ఉన్నాడండీ," అంది ఆమె నవ్వుతూ.

కుర్రాడు మంచినీళ్ల సీసా ఎత్తి గటగటా తాగాడు.

"నువ్వు కూడా ఏదైనా అడగవోయ్," అన్నాడు మేనేజరు.

కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "పాతికేళ్లు ఇంట్లో కూర్చున్నారు. ఈ ఫీల్డ్ ఎంత మారిపోయిందో తెలుసా మేడమ్?" కంప్యూటర్‌నే అడుగుతున్నట్టు అడిగాడు.

కూర్చున్నారట! ఆమెకు గుండెలో కలుక్కుమంది. కూర్చున్న రోజు ఒక్కటంటే ఒక్కటి గుర్తుకు రాలేదు.

"తెలుసండీ. చాలావరకు చదువుకున్నాను. మిగతావి నేర్చుకుంటాను."

"నేర్పించే తీరిక ఇక్కడ ఎవరికీ ఉండదు."

"ఒక్కసారి చెబితే చాలు. రెండోసారి అడగను." వద్దనుకున్నా ఆమె గొంతులో బతిమాలుడు వినిపించింది.

హెచ్ఆర్ అమ్మాయి జాలిగా చూసింది. మేనేజరు కుర్రాడి వైపు తిరిగాడు. "నాకైతే నచ్చారు. కానీ టీమ్ నీది, చేయించుకునేది నువ్వు. ఏమంటావు?"

ఆమె కుర్రాడికేసే చూస్తోంది. ఒక్కసారి తలెత్తి తన మొహంలోకి చూస్తే చాలనుకుంది.

"మా టీమ్‌కి సెట్ కారు సార్. అందరూ కుర్రాళ్లే. ఇబ్బందవుతుంది."

"ఎవరికోయ్ ఇబ్బంది?"

"అందరికీ," అన్నాడు కుర్రాడు గొణుగుతూ.

మేనేజరు నిట్టూర్చి, ఆమెకు చేతులు జోడించాడు. ఏమీ అనుకోవద్దన్నాడు.

ఆమె మీటరు తీగలు చుట్టి బోర్డు పక్కన పెట్టింది. మళ్లీ వాటిని ముట్టుకునే యోగం తనకు లేదని తెలిసిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఇక్కడ ఏడిస్తే ఇంకా లోకువ. పెదవి బిగబట్టి బయటికి నడిచింది.

హెచ్ఆర్ అమ్మాయి వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "ఒక్క నిమిషం ఆంటీ! ముందే అడగాల్సింది, హడావుడిలో మర్చిపోయాను. మా దగ్గర మీవాళ్లెవరైనా పనిచేస్తున్నారా? సొంతవాళ్ల ఇంటర్వ్యూలో చెప్పకుండా కూర్చుంటే ఇక్కడ ఉద్యోగాలు ఊడిపోతాయి. అందుకని అందరినీ అడుగుతాం."

ఆమె గాజు తలుపు వైపు ఒకసారి చూసింది.

"ఎవరూ లేరు తల్లీ," అంది, లోపల ఇంకా తల దించుకునే ఉన్న చిన్నకొడుకు ఉద్యోగానికి ఎసరు రాకుండా.