పందికొక్కు తలుపు

వానలు మొహం చాటేసిన ఏడాది పందికొక్కు కలుగులో ఒక్క కర్రపెండలం దుంపే మిగిలింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నా తల్లి దాన్ని ముట్టనివ్వలేదు.

"అది విత్తనం. తినేస్తే రేపు ఏం నాటుకుంటాం?"

ఆ ఏడుపూ ఆ మాటా విని, దారినపోతున్న ముసలి ముళ్లపంది ఆగింది.

"ఓసి పిచ్చిదానా! దుంపనెవరైనా నాటుతారా? మొక్క పీకినప్పుడు కర్రలేం చేశావు?"

"ఎండిపోయాయని కలుగుకి తలుపు కట్టుకున్నాను, మామా."

"నాటాల్సింది వాటినే! ఈ పంట సముద్రాలు దాటి మన దాకా వచ్చిందీ ఆ కర్రలతోనే."

పందికొక్కు నమ్మలేక తలుపు తడిమి చూసింది. వారం కిందటి జల్లుకి ఒక కర్ర కణుపు దగ్గర పచ్చటి మొలక కనిపించింది.

ఆ పూట పిల్లలు విత్తనం తిన్నారు. తల్లి తలుపు నాటింది.