చేతికిచ్చిన ముక్క

జునైద్ మళ్లీ పెదాలు బిగించాడు.

తమన్నా చెంచాను కుడివైపు నుంచి తెచ్చింది. వాడు ఎడమవైపు తిరిగాడు. ఎడమవైపు నుంచి తెస్తే చేత్తో కొట్టాడు. నీళ్లలో కలిపిన బాలామృతం పిండి సగం ఆమె దుపట్టా మీద పడింది.

వాడికి ఎనిమిది నెలలు. రెండు నెలలుగా బరువు పెరగలేదు. ఆ రోజూ అంగన్‌వాడీ కేంద్రంలో తూకం అంతే చూపించింది. ఇంకో నెల చూసి, అప్పటికీ పెరగకపోతే పెద్ద దవాఖానకు రాసిస్తానని టీచర్ ప్రేమలత చెప్పింది.

ఆ మాట విన్నప్పటి నుంచి తమన్నాకు కాలు నిలవడం లేదు. అక్కడే వరండాలో ఫోన్లో వీడియోలు చూసింది. ఒకావిడ మెత్తగా చేసి చెంచాతోనే పెట్టాలంది. ఇంకొకావిడ చెంచా ఊసే వద్దు, ముక్కలు చేతికిస్తే పిల్లలే తింటారంది. ఎవరి మాట వినాలో తెలియక రెండూ మళ్లీ మొదటి నుంచి చూసింది.

వాళ్లకు ఎదురుగా కేంద్రం మెట్టు మీద ఒకామె కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తీసే కూలీ అని కొంగుకు అంటిన ఘాటే చెబుతోంది. వెంట పిల్లలెవరూ లేరు. చాలాసేపటి నుంచి జునైద్ వైపే చూస్తోంది. ఆ చూపు తమన్నాకు నచ్చలేదు.

"జర ఆగు చెల్లె," అందామె. "ఊకె నోట్లె కుక్కితే పిలగాడు బెదురుతాండు. చేతికేమన్న ఇయ్యి. నడుమ నడుమ నువ్వు చెంచతోని పెట్టు. రెండూ నడవాలె."

కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. తన టిఫిన్ డబ్బా తెరిచింది. ఉడికిన కందగడ్డ, అదే చిలగడదుంప. వేలంత ముక్క తీసి, రెండు వేళ్ల మధ్య నొక్కితే ఎంత మెత్తగా నలుగుతుందో చూపించింది. ఇంకో ముక్క తీసి జునైద్ పిడికిట్లో పెట్టింది.

వాడు దాన్ని పిసికాడు. ముక్కుకు పూసుకున్నాడు. తర్వాత తనంతట తానే నోరు తెరిచాడు.

ఇప్పుడు పెట్టమని ఆమె సైగ చేసింది.

తమన్నా చెంచా పెట్టింది. లోపలికి వెళ్లింది. ఇంకోటి. అదీ వెళ్లింది. ఊపిరి బిగబట్టి నాలుగు చెంచాలు పెట్టింది.

అంతలో ముక్క గొంతుకు తగిలి వాడు ఓకరించాడు. ముఖం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తమన్నా గబుక్కున వాడి నోట్లో వేలు పెట్టబోయింది. ఆమె తమన్నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ఏలు పెట్టకు, ఇంక లోపటికి పోతది. దగ్గుతాండు సూడు. ఆడే తీస్తడు."

అన్నట్టే వాడు ముక్క ఉమ్మేశాడు. ఏమీ జరగనట్టు ఇంకో ముక్క కోసం చెయ్యి చాపాడు.

కానీ తమన్నా ఆ చెయ్యిని వెనక్కి లాగింది. పిల్లాడిని ఎత్తుకుని లేచింది. రెండు నెలల భయం ఒక్కసారిగా బయటికొచ్చింది. మిర్చి చేతులతో నా కొడుకుకు ఎందుకు పెట్టావని నిలదీసింది. నీకెంతమంది పిల్లలని అడిగింది.

"లేరు," అందామె.

"మరి పిల్లల సంగతి నీకెట్ల తెలుస్తది?"

ఆమె డబ్బా మూత పెట్టుకుంది. తప్పయిందంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, ఒక్కసారి ఎత్తుకోవచ్చా అని అడిగింది.

తమన్నా పిల్లాడిని అవతలి భుజానికి మార్చుకుంది.

తర్వాత రెండు రోజులు జునైద్ చెంచాను దగ్గరికే రానివ్వలేదు. మూడో రోజు తమన్నా దిక్కుతోచక కందగడ్డ ఉడకబెట్టింది. ముక్క వాడి చేతికిచ్చి, మధ్యలో పప్పన్నం మెదిపి చెంచాతో పెట్టింది. తిన్నాడు. మర్నాడు మెత్తగా ఉడికించిన క్యారెట్. ఆ మర్నాడు అరటిపండు. ముక్కలు సగం నేలపాలయ్యేవి. చెంచాతో పెట్టింది మాత్రం కడుపులోకి వెళ్లేది. వాడు ఓకరించిన ప్రతిసారీ ఆమె వేలు పెట్టకుండా రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చునేది. ప్రతిసారీ వాడే దగ్గి సర్దుకునేవాడు.

మరుసటి తూకంలో నాలుగు వందల గ్రాములు పెరిగాడు.

ఎలా పెడుతున్నదో చెబితే ప్రేమలత మెచ్చుకుంది. చెంచా కడుపు నింపుతుంది, చెయ్యి తినడం నేర్పుతుంది అంది. దగ్గుతూ ఓకరిస్తే భయం లేదని, దగ్గూ ఏడుపూ లేకుండా ఊపిరాడకపోతేనే ప్రమాదమని చెప్పింది.

ఆ రోజు మెట్టు మీద కూర్చుని ఇది నేర్పిన ఆమె ఎవరని తమన్నా అడిగింది. మీ చుట్టమే అనుకున్నానంది ప్రేమలత. జునైద్ పేరు చెప్పి, తూకం ఏ రోజని ముందే వచ్చి అడిగి వెళ్లిందట.

తమన్నాకు ఇక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే భర్త అజహర్ ఆటోలో ఎనుమాముల వెళ్లింది. మిర్చి సీజన్ అయిపోయింది. షెడ్లు ఖాళీగా ఉన్నాయి. తమన్నా ఆనవాళ్లు చెబితే ఊడుస్తున్న ముసలామె గుర్తుపట్టింది. పేరు కట్టమ్మ, పరకాల దిక్కు మనిషి. నాలుగు రోజుల కిందటే కూలీల మేస్త్రీ వెంట ఇంకెక్కడికో పనికి పోయిందట. ఎక్కడికో తెలియదు. ఫోన్ లేదు.

ఇంటికొచ్చేసరికి అత్త సుల్తానా బేగం మనవడికి నూనె రాస్తోంది. తమన్నా అంతా చెప్పింది. తను అన్న మాట కూడా దాచలేదు.

కట్టమ్మ పేరు వినగానే అత్త చెయ్యి ఆగిపోయింది.

కోడలి మనసు నొచ్చుకుంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదంది.

"కాన్పైనంక నువ్వు సోయిల లేని పదకొండు రోజులు, దవాఖానల పక్క మంచంల ఉండి వీనికి పాలిచ్చింది ఆ కట్టమ్మనే బేటీ, తన పిల్లను మట్టిల పెట్టిన దినం నుంచి."