నాలుగు క్రెడిట్ల కొర్రమీను

ఘనపూర్ నుంచి వచ్చే బస్సులో, తడి సంచిలోంచి కొర్రమీను టపీమని తోక కొట్టింది. ఎస్తేరు పక్క సీటామె ముక్కు మూసుకుని లేచిపోయింది.

"గా సంచిల ఏంది చెల్లె?" కండక్టర్ అడిగాడు.

"పీహెచ్‌డీ అన్నా."

అబద్ధం కాదు. జీవావరణ శాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టాలంటే ముందు ఆరు నెలల కోర్సువర్కు గట్టెక్కాలి. రెండు పేపర్లు ఎస్తేరు రాసి పాసైంది. మూడోది నాలుగు క్రెడిట్ల ఫీల్డు ప్రాజెక్టు. ఒక జీవిని దగ్గరుండి గమనించి రిపోర్టు ఇవ్వాలి. దానిమీద గైడు సురేందర్ సారు సంతకం పడాలి. పడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

గైడంటే దారి చూపేవాడు. ఈయన చూపేది చేపల చెరువు దారి ఒక్కటే. ఎథిక్స్ క్లాసుకు ఆయనా రాలేదు, ఆయనకు ఎథిక్సూ రాలేదు. కోర్సు కాగితం మీద, వర్కు ఎస్తేరు మీద. జీవావరణంలో జీవమేమో ఆయన కంచంలోకి, ఆవరణ ఊడ్చే చీపురేమో ఈమె చేతిలోకి.

ప్రతి శనివారం సారింటికి ఒక 'శాంపిల్' తేవాలి. తెస్తే సరిపోదు. బూడిదేసి రుద్ది, పొలుసు గీకి, పేగులు లాగి, ముక్కలు కోసిపెట్టాలి.

"జర పెద్దది తేరాదు బిడ్డా! శాంపిల్ సైజు తక్కువుంటే డేటా సాలది. ఇంట్ల ఐదుగురం."

తింటుంటే పులుసు మోచేతి దాకా కారేది. సారు దాన్నీ వదలకుండా నాకేవాడు. మీసంలో మెతుకు. ఆపైన తేన్పు. ముల్లుతోనే పన్ను కుట్టుకుని గోడ మీదికి తుపుక్కున ఊసేవాడు. ఎస్తేరు మాత్రం కళ్లు తిప్పుకునేది కాదు. నోట్‌బుక్ తీసి రాసుకునేది.

"ఏం రాస్తున్నవ్?"

"కోర్సువర్కే సార్."

"మంచిది. గింకో ముక్క ఎయ్యి."

ఇంటికెళ్తే, చేతుల నీచు వాసనకు తల్లి కొమురమ్మ భగ్గుమనేది.

"థూ! గా సంచి ఆయన మొకాన కొట్టి రారాదే? మీ బాపు కూలికి పోయి సదివిస్తుంటె, నువ్వు ఆళ్లింట్ల పొలుసు గీకవడ్తివి!"

"సంతకం పడాలె అవ్వా. ఒక్క సంతకం."

ఆఖరి శనివారం రిపోర్టు పట్టుకెళ్లి, సంతకం పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. సారు ఎంగిలి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని పెన్ను తీశాడు. ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

"సూడు బిడ్డా, నాలుగు క్రెడిట్లు నీకు. మొత్తం క్రెడిట్ నాకు. అట్ట మీద నా పేరుండాలె."

"ఉంది సార్. మొదటి పేరు మీదే."

"శెభాష్! కమిటీ సార్లందరికీ తలా ఒక కాపీ పంచు."

"ఇప్పుడే పోయి పంచుత సార్."

సంతకం పడింది. పనిలో పనిగా, చదవకుండానే, 'పరిశీలన కళ్లకు కట్టినట్టుంది' అని కూడా రాసి సారు మళ్లీ కంచం మీదికి వంగాడు.

ఎస్తేరు రిపోర్టు మూసింది; అట్ట మీద మొదటి పేరు నిజంగా ఆయనదే: 'డాక్టర్ సురేందర్ - ఒక పరాన్నజీవి ఆహారపు అలవాట్లు.'